నాలుగో గుంజ

నేను చేసిన బేరాల గురించి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. చింతపండు కొనడానికి వెళ్లి చెట్టు నీడను కూడా కొసరు వేయించుకు వచ్చానని ఒకరంటారు. రాజమహేంద్రవరం వర్తకుడొకడు నాతో ఒక పూట బేరమాడి, సాయంత్రానికి తన గొడుగు కూడా నాకే అమ్మేసి ఎండలో నడిచిపోయాడని ఇంకొకరంటారు. అందులో గొడుగు సంగతి నిజం. మిగతావి నేను ఒప్పుకోను, అలాగని కాదనను కూడా. ఊరికే వచ్చే పేరును వద్దనడం వర్తకం కాదు. అయితే వాళ్లెవరికీ తెలియని బేరం ఒకటుంది. అన్నిటిలోకీ అదే గొప్పది. ఒక్క మధ్యాహ్నంలో, ఎవరికీ దమ్మిడీ ఇవ్వకుండా, గోదావరి నడుమ ఒక లంకలో రెండు బారల నేల పుట్టించాను. అంత నేల వెయ్యడానికి ఆ మహానదికే నాలుగైదు వరదలు కావాలి. నాకు కావలసి వచ్చినవి ఒక వెదురు కర్ర, ఒక కత్తి, రొండిన దోపుకునే నా సున్నపు కాయ.

ఈ బేరం ముప్పై ఏళ్లుగా నాలోనే ఉండిపోయింది. ఇప్పుడు బయటికి రావడానికి కారణం ఒక గాజు సీసా. మా ఊరి బడికి కొత్తగా వచ్చిన మేష్టారు మొన్న కొట్టుకు వచ్చారు. పాతికేళ్లుంటాయేమో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చెప్పిన ధరకల్లా తల ఊపే రకం. అలాంటివారిని చూస్తే నాకు జాలీ ఆకలీ కలిసి వస్తాయి. వెడల్పు మూతి గాజు సీసా కావాలన్నారు, లోపల ఉన్నది పైకి స్పష్టంగా కనిపించాలట. ఊరగాయకా అని అడిగాను. కాదండి, గోదావరి నీళ్లకు అన్నారు. వరద నీళ్లు సీసాలో పోసి కదపకుండా ఉంచితే అడుగున ముందు ఏది పేరుకుంటుందో, తరువాత ఏదో పిల్లలకు చూపిస్తారట. నేల ఎలా పుడుతుందో, ఎలా పోతుందో తెలియాలంటే అక్కడ మొదలుపెట్టాలట. పై అరలోంచి దించిన సీసాను తుడుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆయన గమనించలేదు. దిగువన కొత్తగా లేచిన లంకలో గుంజలు పాతించి, ఏడాదికేడాది గట్టు ఎంత పోతోందో పిల్లల చేతే కొలిపించాలని ఉందన్నారు. "మీరు అరవై ఏళ్లుగా ఈ ఏటి పక్కనే ఉన్నారు కదండీ, పిల్లలకు చదివి వినిపించడానికి మీ జ్ఞాపకాలు నాలుగు కాగితాలు రాసిపెట్టండి" అన్నారు. సీసాకు డబ్బు పుచ్చుకోలేదు. ఆయన వెళ్లాక మా గుమాస్తా నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

నాకు ఆ సీసా పాఠం మొదట చెప్పింది మా బావగారు, అంటే మా అక్క పెనిమిటి. మావాళ్లలో పుట్టి, తక్కెడ పట్టవలసిన చేత్తో సుద్దముక్క పట్టిన మనిషి. తండ్రి ఇస్తానన్న కొట్టును తమ్ముడికి వదిలేసి, రాజమహేంద్రవరంలో చదువుకుని, మా ఊరి బడిలో కుదురుకున్నారు. ఆ సంబంధం ఎందుకు ఒప్పుకున్నావని చుట్టాలు అడిగితే మా నాన్న, అల్లుడికి వ్యాపారం రాదు, అంటే మనల్ని మోసం చెయ్యడమూ రాదు, అంతకంటే ఏం కావాలి అనేవారు. మా నాన్నకు వర్తకంలో రెండే సూత్రాలు. ధర విషయంలో ఎంతైనా ఆడు, ఏడు, ఎదుటివాణ్ణి ఏడిపించు. తూకపు రాయి జోలికి మాత్రం పోకు. ధర ఇద్దరి మధ్య ఆట, ఇద్దరికీ కళ్లు తెరిచే ఉంటాయి. రాయి అలా కాదు, అది ఎదుటివాడు కళ్లు మూసుకుని నమ్మేది. ఇందులో మొదటి సూత్రాన్ని నేను నాన్నకంటే బాగా నేర్చుకున్నాను.

బావగారికి ఎక్కడ కూర్చుంటే అక్కడే బడి. మా ఇంటికి భోజనానికి వస్తే విస్తట్లో అన్నాన్ని కుప్ప చేసి, వేలితో వంకర కాలువ తీసి, అందులోకి చారు వదిలేవారు. "చూడు బావా, వంపు తిరిగేచోట బయటి పక్క మెతుకులు జారిపోతున్నాయి. లోపలి పక్కకు వచ్చి చేరుతున్నాయి. ఏరూ అంతే, ఒక గట్టును తిని ఇంకో గట్టుకు పెడుతుంది" అనేవారు. మా అక్క గరిటె పట్టుకుని వచ్చి, మీ ఏరు విస్తరి దాటి నా నేల మీదికి రాకముందే భోంచెయ్యండి అనేది. మా కొట్టు అరుగు మీది దుమ్మును వేలితో తీసి, ఇది త్ర్యంబకం కొండల దగ్గర బయలుదేరిన మట్టి అయినా కావచ్చునని ఒకసారి అన్నారు. అంత దూరం నుంచి వచ్చిన సరుకుకు రవాణా ఎవరిచ్చారండీ అని నేను వెక్కిరించాను. ఆయన వెక్కిరింతను కూడా ప్రశ్న కిందే తీసుకునే మనిషి. వాన కొండను అరగదీసిందనీ, ఏరు మోసుకొచ్చిందనీ, నీరు ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ దించిందనీ ఓపికగా చెప్పారు. ఏదీ పోదు, తావు మారుతుందంతే అన్నారు. ఆ తావు మారుతుందంతే అన్న మాట అప్పుడు నాకు చాలా నచ్చింది. సరుకు గురించి కూడా నా అభిప్రాయం అదే.

వరదకు ఎర్రనీళ్లు వచ్చిన కొత్తలో ఒక సీసా నింపి మా కొట్టు అరుగు మీదే పెట్టారు, అందరూ చూస్తారని. ఇసుక చూస్తుండగానే అడుగుకు దిగిపోయింది. దాని మీద ఒండ్రు మర్నాటికి పొరగా కట్టింది. అన్నిటికంటే సన్నని బంకమట్టి మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే తిరుగుతూ, ఎప్పటికోగాని దిగలేదు. బేరానికి వచ్చినవాళ్లు సీసా చుట్టూ మూగి, ఇది ఏ మందు, ఏ రోగానికి అని అడిగేవారు. బరువైనది ముందు, తేలికైనది వెనక. ఏరుకంటే నికార్సయిన తక్కెడ తాను చూడలేదని బావగారు అనేవారు. నేను వెంటనే మా తక్కెడ వైపు చూసుకునేవాణ్ణి.

మా ఊరికి ఎదురుగా పాయ నడుమ లంక ఉండేది. లంక పొగాకు రుచి తెలిసినవాళ్లు దాని పేరు చెబితే నోట్లో చుట్ట లేకపోయినా పొగ వదిలేవారు. అక్కడ సాగుచేసేవాళ్లలో పెద్ద రైతును అందరూ పెద్దకాపు అనేవారు. పొడుగాటి మనిషి, గొంతు గట్టిది, ఇవతల ఒడ్డున నిలబడిన మనకు అవతలి నుంచే మాట విసరగలడు. ఆయన ఇల్లు లంక మధ్య మెరక మీద ఉండేది. పొగాకు ఆరేసి నిలవచేసే పాక మాత్రం పడవలకు అందుబాటుగా గట్టు పక్కన ఉండేది. అదే ఏటి వంపుకు బయటి పక్క. బావగారు శనివారాల్లో పెద్ద తరగతి పిల్లలను పడవ ఎక్కించుకుపోయి, గట్టు అంచు నుంచి పాక దాకా పన్నెండు వెదురు గుంజలు వరసగా పాతించారు, గుంజకూ గుంజకూ రెండు బారల ఎడం. మొదటి గుంజకు ఒక సున్నపు పట్టీ, రెండోదానికి రెండు, అలా పన్నెండోదానికి పన్నెండు. పెద్దకాపు చుట్ట నోట్లోంచి తీసి, "గోదారికి పలుపేస్తారేంటండి మేష్టారూ? గుంజలైతే పాతారు, మరి తాడేదండి?" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. బావగారు వాళ్లకంటే ఎక్కువ నవ్వారు.

మూడేళ్లలో ఆ నవ్వు తగ్గింది. ఒక వరదకు రెండు గుంజలు, ఇంకో వరదకు మూడు, అలా ఎనిమిది ఏట్లో కలిశాయి. పెద్దకాపుకు చదువు లేదు, కాని లెక్కకు కట్టుబడే మనిషి. పొద్దున్నే వేపపుల్ల నములుతూ గట్టు దగ్గరికి పోయి, మా కొట్లలో ధాన్యం కొలిచినట్టే, "లాభం, రెండు, మూడు, నాలుగు" అని గుంజలు లెక్కపెట్టుకునేవాడు. మావైపు కొలతలో ఎవరూ ఒకటి అనరు; మొదటి కుంచానికి లాభం అనే అంటారు, శుభమని. ఆయన లెక్కపెట్టేవాడే గాని ఏనాడూ కొలిచేవాడు కాడు. గుంజకు రెండు బారలని మేష్టారు చెప్పారు, ఇక కొలిచేదేముంది? మా కొట్లో తూకం వేయించుకునేటప్పుడు కూడా రాయిని తిప్పి చూసేవాడు కాడు.

బావగారు ఆయనకు చెప్పింది ఒక్కటే మాట. అది లంకలో ముసలీ ముతకకూ నోటికి వచ్చేసింది. పాక ముందు మూడు గుంజలే మిగిలిన రోజున పాక ఖాళీ చెయ్యాలి. గట్టు ఒక్కసారిగా మూడు గుంజల మేర దాకా విరగవచ్చు, నాలుగు విరగదు. ఎగువా దిగువా పాత కోతలన్నీ తాడేసి కొలిచి ఆ మాట చెప్పారు. దానితోపాటు ఇంకో సంగతి చెప్పారు, అది మాత్రం ఎవరికీ ఎక్కలేదు. వరద పెరిగేటప్పుడు కాదు, తీసేటప్పుడు జాగ్రత్త అని. గట్టు పైన బంకమట్టి, కింద ఇసుక. వరదలో గట్టు కడుపు నిండా నీళ్లు తాగుతుంది. ఏరు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీరే గట్టును ఒత్తి నిలబెడుతుంది. ఏరు దిగిపోయాక ఆనుకోవడానికేమీ ఉండదు, లోపలి నీరు కింది ఇసుకను లాక్కుంటూ బయటికి పోతుంది, పైన మట్టి గాలిలో నిలబడుతుంది. "ఏరు వచ్చేటప్పుడు అరుస్తుంది బావా, పోయేటప్పుడు కరుస్తుంది" అని నాతో అన్నారు. నాకు అది నీతివాక్యంలా వినబడింది. నీతివాక్యాలను నేను వినేవాణ్ణి గాని కొనేవాణ్ణి కాదు.

ఆ ఏడు పెద్దకాపు పంటంతా నేనే కొన్నాను. ధర ఎక్కేదాకా పాకలోనే ఉంచాను. సరుకు ఎత్తేదాకా కాపలా అమ్మినవాడిదే అని మావైపు రివాజు. ఆ రివాజు నాకెప్పుడూ ముచ్చటగానే ఉండేది. రాజమహేంద్రవరం వర్తకుడితో, ఆ గొడుగాయనతోనే, బేరం కుదిరింది. లంక రేవులోనే సరుకు అప్పగించేటట్టు, పడవల కిరాయి మొత్తం ఆయన మీద పడేటట్టు మాట తిప్పాను. ఆ తిప్పడానికి నాకు రెండు రోజులు, పదహారు తమలపాకుల చిలకలు పట్టాయి. సరుకు పాకలోంచి కదిలితే ఆ కిరాయి నా మీద పడుతుంది. కిరాయి పెద్ద మొత్తమేమీ కాదు. నన్ను పట్టుకున్నది డబ్బు కాదు. గెలిచిన బేరాన్ని తిరిగి ఇచ్చుకోలేని రోగం.

శ్రావణంలో వరద వచ్చింది. లంకవాళ్లు పశువులతో సహా ఇవతలి ఒడ్డుకు వచ్చి చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నారు. పాక ఎత్తు దిమ్మ మీద ఉంది, అటక మీది సరుకుకు తడి తగలదు. ఆరో రోజుకు నీరు తీయడం మొదలైంది. పెద్దకాపు మర్నాడు వెళ్తానన్నాడు. నేను ఆగలేక ఆ మధ్యాహ్నమే పడవ కట్టించుకుని వెళ్లాను. పడవవాడు గెడ గుచ్చి పడవలోనే నడుం వాల్చాడు. నేను గట్టెక్కాను. కొత్త ఒండ్రు లంకంతా పరుచుకుని, కాలు పెడితే పిక్క దాకా దిగుతోంది. పచ్చి మట్టి వాసన, కుళ్లిన రెల్లు వాసన. మనిషి లేడు, కుక్క లేదు. తొమ్మిదో గుంజ లేదు. అంచు నుంచి పాక దాకా, పది పట్టీలది, పదకొండు పట్టీలది, పన్నెండు పట్టీలది.

నేను పాక నీడలో కూర్చుని తాంబూలం వేసుకున్నాను. తరువాత జరిగినదానికి ఎవరూ నన్ను తొందరపెట్టలేదు, కోపం లేదు, భయం లేదు. అంత తీరిగ్గా చేశాను. పాక వెనక విరిగిపడిన పందిరి వెదురు ఒకటి ఉంటే కత్తితో కొలత చూసి కోశాను. తమలపాకులకు వాడే సున్నాన్ని బొటనవేలితో తీసి తొమ్మిది పట్టీలు వేశాను. పదో గుంజనూ పదకొండో గుంజనూ పెరికి, ఎడం తగ్గించి, మూడు గుంజలున్న ఆరు బారల్లో నాలుగు సర్దాను. పీపాల్లో సరుకు సర్దినవాణ్ణి, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు. వెనక్కు వస్తూ పడవలో నవ్వు కూడా వచ్చింది, గోదావరికే కొసరు వేశానని. ఎనిమిది రోజుల్లో గొడుగాయన పడవలు వస్తాయి, సరుకు పోతుంది, ఆ తరువాత గుంజలెన్ని ఉంటే ఎవరికి?

మర్నాడు పెద్దకాపు లంకకు పోయి, తిరిగి రేవుకు వచ్చి, అవతలి నుంచే కేకేశాడు. "చినశెట్టిగారూ, నాలుక్కి నాలుగూ ఉన్నాయండి. మీ సరుకుకేం ఢోకా లేదు, నేను పాకలోనే పడుకుంటాను." ఆ కేక బడి దాకా వినిపించింది. బావగారు బయటికి వచ్చి నిలబడ్డారట. నీరు పూర్తిగా దిగాక పిల్లలతో వెళ్లి తాడు వేసి చూస్తానని మా అక్కతో అన్నారట. వెళ్లి ఉంటే సరిపోయేది. పడవలన్నీ వరదకు చెదిరినవాళ్లను దింపడంలో ఉన్నాయి, బడి పిల్లలకు పడవ దొరకలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దకాపు ఇల్లాలు భర్తకు అన్నం పట్టుకుని రేవుకు వచ్చింది. నేనూ సరుకు ఒకసారి తిప్పి చూద్దామని అదే పడవ ఎక్కాను. ఎండ బాగా కాస్తోంది. ఏరు మనిషెత్తు దిగిపోయి, మెల్లగా, అమాయకంగా ఉంది. గట్టు నిట్టనిలువుగా బయటపడింది, పైన బంకమట్టి నల్లగా, కింద ఇసుక తెల్లగా, బావగారి సీసాలోలాగే. ఇసుకలోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. పెద్దకాపు పాక గుమ్మంలో నిలబడి మాకు చెయ్యి ఊపి, మళ్లీ లోపలికి వెళ్లాడు. మేము ఇంకా ఏటి మధ్యనే ఉన్నాం. ముందు నాలుగు గుంజలూ ఒక్కసారి ముందుకు వంగాయి, నమస్కారం పెడుతున్నట్టు. చప్పుడేమీ లేదు. తరువాత వాటితోపాటు వాటి కింది నేల, ఆ నేలతోపాటు పాక. అప్పుడు వచ్చింది చప్పుడు, కొట్లో అటక మీంచి బస్తా జారిపడినట్టు. ఒక్కటే బస్తా. ఆమె అన్నం మూట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. నీళ్లు ఎర్రగా తిరిగి, మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగిపోయాయి.

మనిషి దొరకలేదు. మూడు రోజులు వలలు వేశారు, దిగువ రెల్లంతా గాలించారు. మూడో రోజు బావగారు లంకకు వచ్చారు. కొత్త అంచు దగ్గర ఆమె కూర్చుని ఉంది. నేను బావగారి పక్కనే నిలబడ్డాను. ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. "నాలుగుండగా ఎలా పోయిందండి మేష్టారూ? మీ గుంజల్ని నమ్ముకున్నామండి. వాటికి బదులు నాలుగు రాళ్లకు పసుపు రాసి మొక్కినా ఆయన బతికుండేవారండి" అంది. బావగారు చేతులు జోడించారు. నా బొటనవేలి గోటి సందులో సున్నం ఇంకా తెల్లగానే ఉంది. చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను.

సరుకు పోయిందని ఊరంతా నన్ను ఓదార్చింది. గొడుగాయన కూడా వచ్చి, దేవుడు పెద్దవాడు శెట్టిగారూ అన్నాడు. ఆ ఓదార్పులన్నీ పుచ్చుకున్నాను. ఉచితంగా వచ్చేవాటిని వద్దనే అలవాటు నాకు లేదని చెప్పాను కదా. బావగారు మాత్రం తన కొలతల పుస్తకం ముందు పెట్టుకుని చాలా రోజులు కూర్చున్నారు. అన్ని కోతల లెక్కలూ మళ్లీ కట్టారు. ఎటు తిప్పినా నాలుగు విరగకూడదు. విరిగింది. చివరికి బడిలో పిల్లల ముందు నిలబడి, నేను మీకు నేర్పిన లెక్క తప్పు, దాన్ని నమ్మి ఒక మనిషి పోయాడు, దాన్ని మరిచిపోండి అని చెప్పారట. ఆ తరువాత ప్రకృతి భూగోళంలో నదుల పాఠం వచ్చిన రోజున పుస్తకం చదివించి ఊరుకునేవారు. ఒకనాడు ఆ గాజు సీసాను మా కొట్టుకు తెచ్చి, ఊరగాయకు పనికొస్తుందేమో ఉంచు బావా అన్నారు. దాన్ని పై అరలో పెట్టాను. మొన్న కొత్త మేష్టారి చేతిలో పెట్టింది దాన్నే.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట. రేపు చెబుదామనుకున్నాను, కాస్త చల్లారాక చెబుదామనుకున్నాను. బేరగాడికి తెలిసిన ఉపాయం అదొక్కటే, ఎదుటివాడు అలిసిపోయేదాకా ఆగడం. పండుగలకు ఆయన మా ఇంటికి వచ్చేవారు. అన్నం కుప్ప చేసేవారు కాదు. చారు పోసుకుని, కలుపుకుని, తలవంచుకుని తినేసేవారు. మా అక్క గరిటె పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడి, లోపలికి పోయేది. రాజమహేంద్రవరం దగ్గర రైలు వంతెన పని సాగుతుండగా ఆయన విషజ్వరంతో పోయారు. అంతకు కొద్ది రోజుల ముందు నన్ను, నాలుగెలా విరిగిందంటావు బావా అని అడిగారు, పొడుపుకథ అడిగినట్టు. ఏటి సంగతి ఎవరికి తెలుస్తుందండీ అన్నాను.

నాకు తాంబూలం మానేసి ముప్పై ఏళ్లయింది. పళ్లు పాడయ్యాయని చెబుతాను. కొట్లో అటక మీంచి బస్తా జారితే గుమాస్తాలు సరుకు వైపు చూస్తారు, నేను ఏటి వైపు చూస్తాను. ధాన్యం కొలిచేటప్పుడు లాభం, రెండు, మూడు దాకా బాగానే పలుకుతాను, ఆ తరువాతి అంకె నోట రాదు. దగ్గినట్టు చేసి అయిదుకు పోతాను. కొనేవాళ్లు శెట్టిగారు ఒక కుంచం మింగేశారని నవ్వుతారు. వరద తీసే రోజుల్లో మధ్యాహ్నం ఎండలో పాయ వైపు చూస్తే నాలుగు గుంజలు నీళ్ల మీద నిలబడి కనిపిస్తాయి. వాటిలో మూడు పాతబడి, వానకు నానిపోయి ఉంటాయి. ఒక్కదాని సున్నం మాత్రం తడి ఆరదు.

కొత్త మేష్టారు సీసా పట్టుకుపోయిన మర్నాడు పెద్దకాపు ఇల్లాలి దగ్గరికి వెళ్లాను. ఇవతలి ఒడ్డున కూతురింట్లో ఉంటోంది. కళ్లు సరిగా కనబడవు, మాట మాత్రం స్పష్టమే. ఏదీ పోదు, తావు మారుతుందంతే అన్న బావగారి మాట ఆమె కూడా ఒకప్పుడు విన్నది. భర్త ఆనవాలేమైనా దొరుకుతుందేమోనని, ఏ దిగువన కొత్త మేట లేచిందన్నా మనిషిని పంపి వెతికిస్తుందట. నేను ఎదురుగా కూర్చుని వెదురు సంగతి, సున్నం సంగతి, ఎడం తగ్గించిన సంగతి చెప్పాను. కూతురు చేస్తున్న పని ఆపేసి నా వైపు చూసింది. తల్లి తిడుతుందని ఆశపడ్డాను. తిడితే అది ఒక ధర, దాన్ని చెల్లించి లేచిపోవచ్చు.

"మేష్టారికి చెప్పారా అండి?" అంది.

లేదన్నాను.

"మరి ఆయన్ని నేనన్న మాటలు ఇప్పుడెక్కడ దించుకోనండి, శెట్టిగారూ?"

నేను లేచి వచ్చేశాను. దారిలో అక్క ఇంటి ముందు ఆగి, గుమ్మం లోపలికి వెళ్లి, ఆమెకూ చెప్పాను. అక్క బావగారి కొలతల పుస్తకాన్ని పెట్టె అడుగు నుంచి తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, నాకు కాదు, గూట్లో దేవుడి పటం పక్కన పెట్టుకుంది. నాకు మంచినీళ్లు ఇవ్వలేదు.

ఇదీ లెక్క. మిగిలింది పడవల కిరాయి. పోయినవాడు ఒక మనిషి. తప్పు మనిషిని ముప్పై ఏళ్లు తప్పుపట్టిన ఇల్లాలు ఒకరు. సరైన లెక్కను తప్పని నమ్మి కన్నుమూసిన మేష్టారు ఒకరు. ఆ ఏళ్లన్నిటా ఆ బడిలో కూర్చుని, గట్టు ఏరు తీసేటప్పుడు విరుగుతుందని వినకుండానే లంకలకు సాగుకు పోయిన పిల్లలు ఎందరో నాకు తెలియదు. తెలియని అంకె వెయ్యను. ఏరు మాత్రం తన వంతు ఇచ్చేసింది. తిన్న మట్టినంతా దిగువన దించి, కొత్త లంక చేసి, దాని మీద రెల్లు కూడా మొలిపించింది. మేష్టారూ, అక్కడ గుంజలు పాతించండి. ప్రతి తరగతి చేతా తాడు వేయించి కొలిపించండి, గుంజలను లెక్కపెట్టి ఊరుకోనివ్వకండి. ఈ కాగితాలు చదివి వినిపించేటప్పుడు, పాత మేష్టారు పిల్లలకు మరిచిపొమ్మని చెప్పిన లెక్క సరైనదేనని నల్లబల్ల మీద పెద్దగా రాయండి. కొండ నుంచి బయలుదేరిన మట్టి సముద్రం దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలియదు. ఒక మాట నా కొట్టు నుంచి మీ బడికి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ రోజు పాక ముందున్న గుంజలను ఈసారి మా కొట్టు లెక్కన కాకుండా లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు.